రుమియాతి పరుగు

ఆ ఉత్తరం రాయడానికి పా సుగిమాన్‌కు రెండు రోజులు పట్టింది. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పనిచేసి, ఓ చిన్న స్టేషన్‌కు మాస్టరుగా రిటైరైన మనిషి ఆయన. ఇప్పుడు సోలో నగరంలో, లావెయాన్ పేటలో, నలభై రెండిళ్ల సందుకు పెద్ద. సందులో అందరూ ఆయన్ని 'పా ఎర్తే' అని పదవి పేరుతోనే పిలుస్తారు; 'పా', 'పాక్' అంటే అయ్యగారు, 'ఎర్తే' అంటే సందుపెద్ద. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. ఎవరింట్లో చుట్టాలు దిగినా, ఎవరి మేక ఎవరి మొక్కలు మేసినా మొదట తెలియాల్సింది ఆయనకే. "ఈ సందులో నాకు తెలియకుండా ఆకు కూడా రాలదు" అని ఆయనే అంటుంటాడు.

సందు చివర ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న బాతిక్ గుడ్డల గిడ్డంగిని ఎవరో కుర్రకారు అద్దెకు తీసుకుని చిన్న థియేటర్‌గా మార్చారు. ఒత్తుకుని కూర్చుంటే ఎనభై మంది పడతారు. వానలు వెనకబట్టే రోజుల్లో ఆరు శనివారాలు, ఆరు కొత్త నాట్యాలు అని గోడలకు కాగితాలు అంటించారు. మొదటి శనివారం మకస్సర్ నుంచి వచ్చిన బృందం ఏం ఆడిందో గానీ, గంటన్నర సేపు ఖాళీ ఇనప పీపాలు బాదింది. మర్నాటి నుంచి పా సుగిమాన్ పెంచుకుంటున్న గువ్వ కూత మానేసింది. కూత పోటీల్లో రెండుసార్లు గెలిచిన గువ్వ అది. దానికి 'దెన్ బాగుస్' అని జమీందారుల పేరు పెట్టుకున్నాడాయన. పక్షుల దుకాణం వాడు "ఈకలు రాల్చే కాలం పాక్, అదే కూస్తుందిలెండి" అన్నా వినలేదు. చప్పుడు తగ్గించాలంటూ థియేటర్ వాళ్లకు ఉత్తరం రాశాడు.

"నువ్వే పట్టుకెళ్లి ఇచ్చిరా" అన్నాడు భార్యతో, కవరు అంటిస్తూ. "నేను వెళ్లానంటే మాటా మాటా పెరుగుతుంది. పెద్దరికంలో ఉన్నవాడు గొడవకు దిగకూడదు."

రుమియాతి కవరు సంచిలో వేసుకుని బయల్దేరింది. ఆమెకు అరవై రెండేళ్లు. మనిషి బొద్దు, నవ్వు పెద్దది. ఆమె నవ్వితే మూడో ఇంట్లో పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వుతారు. పెళ్లైన మర్నాటి నుంచి ఇరవై ఆరేళ్లు జానెడు ఎత్తు పీట మీద కూర్చుని, కరిగిన మైనంతో బాతిక్ గుడ్డల మీద బొమ్మలు గీసింది. ఒళ్లంతా పీట మీద, కదిలేది మణికట్టు ఒక్కటే. పొగకు కళ్లు మసకబారాక ఆ పని మానేసి, ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేసి, ఇప్పుడు ఇల్లు చూసుకుంటోంది.

గిడ్డంగి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఇంకా పాత మైనం వాసన. నేల మీద ఐదారుగురు ఆడవాళ్లు వెల్లకిలా పడుకుని ఉన్నారు. వాళ్ల మధ్య జుట్టు కురచగా కత్తిరించుకున్న ఒక సన్నపాటి అమ్మాయి వట్టి కాళ్లతో తిరుగుతోంది. రుమియాతిని చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"వచ్చేశారా బూ!" అంది, పెద్దావిడల్ని పిలిచే మర్యాద మాటతో. "మీ కోసమే చూస్తున్నాం. చెప్పులు అక్కడ విడిచి రండి."

"నా కోసమా?" అంది రుమియాతి. ఉత్తరం సంగతి వీళ్లకు ముందే ఎలా తెలిసిందా అనుకుంది.

"నాట్యానికి ఏడుగురు కావాలంటే ఆరుగురే వచ్చారు. ఇక ఎవరూ రారేమోనని దిగులు పడుతున్నా. యాభై దాటాయి కదా మీకు?"

"యాభయ్యా? అవి ఎప్పుడు దాటాయో కూడా గుర్తులేదు తల్లీ."

"అయితే ఇంకేం, పడుకోండి."

ఆ మాట చెప్పిన తీరు ఎలా ఉందంటే, రుమియాతి కాదనే లోపే కాళ్లు చెప్పులు విడిచేశాయి. చాప మీద వెల్లకిలా పడుకుంది. కళ్లు మూసుకుని నేల మీ వీపును ఎక్కడెక్కడ తాకుతోందో గమనించండి అంది ఆ అమ్మాయి. పేరు నస్తితి, ఈ నాట్యాల ఏర్పాటంతా ఆమెదే. రుమియాతి కళ్లు మూసుకుంది. జ్వరాలకూ కాన్పులకూ తప్ప పట్టపగలు ఇలా నడుం వాల్చింది ఎప్పుడో ఆమెకే తెలియదు. ఎడమ భుజం నేలకు ఆనడం లేదని మొదటిసారి గమనించింది. ఇరవై ఆరేళ్లు గుడ్డను పైకెత్తి పట్టుకున్న భుజం అది.

అంతలో పక్కనే గుర్రుమని చప్పుడు. పక్క చాప మీది మనిషి బూ హార్తినా. డెబ్బై ఒక్కేళ్ల ఆవిడ, సగం లావెయాన్‌కు పురుడు పోసిన మంత్రసాని. హాయిగా నిద్రపోతోంది. రుమియాతి పెదవి కొరుక్కుంది, ఊపిరి బిగబట్టింది, ఆగలేకపోయింది. ఆ నవ్వు గిడ్డంగి రేకులకు తగిలి తిరిగొచ్చింది. హార్తినా ఉలిక్కిపడి లేచి, "ఎవరికి నొప్పులు?" అంది. ఇక ఏడుగురూ నేల మీద పొర్లి పొర్లి నవ్వారు. నస్తితి గోడకు ఆనుకుని కూలబడింది.

ఇంటికొచ్చాక గానీ కవరు సంచిలోనే ఉందని రుమియాతికి గుర్తు రాలేదు.

"ఇచ్చావా?" అన్నాడు సుగిమాన్.

"ఆఁ."

"ఏమన్నారు?"

"ఎల్లుండి నాలుగింటికి రమ్మన్నారు."

అది అబద్ధం కాదు. నస్తితి నిజంగానే ఎల్లుండి నాలుగింటికి రమ్మంది.

"చూశావా! ఉత్తరం అంటే అలా ఉండాలి" అన్నాడాయన, తృప్తిగా టీ చప్పరిస్తూ.

ఎల్లుండి ఉత్తరం ఇచ్చేద్దామనే వెళ్లింది రుమియాతి. కానీ తలుపు తీయగానే "బూ రుమీ వచ్చింది, ఇక మొదలెడదాం" అని ఆరుగురూ ఒక్కసారి అరిచారు. ఇంట్లో ఆమె కోసం ఎవరైనా అలా అరిచి ఎన్నేళ్లయిందో! కవరు సంచిలోంచి బయటికి రాలేదు. "మళ్లీ రమ్మన్నారు" అంది ఇంట్లో. మూడోసారీ అంతే. సుగిమాన్‌కు ఆమె పట్టుదల ముచ్చటేసింది. "వదలకు. జవాబు ఇచ్చేదాకా రోజూ వెళ్లి కూర్చో. రైల్వేలో నేను బదిలీ అలాగే సాధించాను" అని తనే గుమ్మం దాకా వచ్చి సాగనంపేవాడు.

ఒక సాయంత్రం నస్తితి అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న వేసింది. "మీ ఒళ్లు చాలా ఏళ్లుగా చేయని పని ఒకటి చెప్పండి."

"అలిగి పడుకోవడం" అంది హార్తినా. "అలిగితే బతిమాలేవాడు పోయి పద్దెనిమిదేళ్లయింది."

ఒకావిడ చెట్టెక్కడం అంది. ఇంకొకావిడ ఈలవేయడం అంది. రుమియాతి వంతు వచ్చేసరికి "పరిగెత్తడం" అంది.

"ఎప్పట్నుంచి?"

"మూడోవాడు పుట్టినప్పట్నుంచి అనుకుంటా. నా వయసు ఆడమనిషి పరిగెత్తితే ఎక్కడ తగలబడుతోందని అడుగుతారు తల్లీ. ఏమీ తగలబడకుండా పరిగెత్తే హక్కు చిన్నపిల్లలకే."

నస్తితి లేచి, గిడ్డంగి మధ్య నుంచి చాపలన్నీ ఒక్కొక్కటే తీసేసింది. "ఏమీ తగలబడటం లేదు బూ. పరిగెత్తండి" అంది.

మొదటి రోజు ఒక చుట్టుకే ఆయాసం వచ్చింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. బరువంతా ఎగిరి పడుతుంటే సిగ్గేసి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని పరిగెత్తింది. "చేతులు వదిలేయండి" అంది నస్తితి. వదిలేసింది. మూడు చుట్లు పూర్తయ్యేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, చెమట కళ్లలోకి కారుతోంది. ఎందుకో తెలియదు గానీ ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. హార్తినా నాడి పట్టుకుని చూసి, "బానే ఉంది. ఇంకో ఇద్దర్ని కనొచ్చు" అంది.

ఆ తర్వాత తెల్లవారుజాము నమాజు కాగానే, సుగిమాన్ గువ్వ పంజరం దించి నీళ్లు మార్చే వేళకు, రుమియాతి బజారు సంచి పట్టుకుని కాలువ గట్టుకు చేరేది. అటూ ఇటూ చూసి, నడుముకు చుట్టుకున్న తన జారిక్ గుడ్డను మోకాళ్ల మీదికి దోపుకుని పరుగందుకునేది. మూడో రోజే పులియబెట్టిన సోయా గింజల తెంపే అమ్ముకునే కెలిక్ సైకిల్ మీద ఎదురొచ్చాడు.

"ఏమైంది బూ! ఎక్కడ? ఎవరికి?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఊరికే."

"ఊరికే పరిగెడతారా ఎవరైనా?"

ఆమె గట్టు మీద కూలబడి జరిగిందంతా చెప్పేసింది. కెలిక్ తెంపే బుట్ట మీద చేయి వేసి ఒట్టు పెట్టాడు, ఎవరికీ చెప్పనని. సాయంత్రానికి నలభై ఇళ్లకు తెలిసింది. నలభై ఒకటో ఇల్లు తాళం వేసి ఉంది. నలభై రెండోది పా ఎర్తేది.

శనివారాలు మాత్రం సుగిమానే ఆమెను పంపేవాడు. "సాక్ష్యం కావాలి. ఎంత చప్పుడు, ఎంతసేపు, అన్నీ చూసిరా" అనేవాడు. ఆమె గోడవారన కూర్చుని చూసొచ్చేది. రెండో శనివారం బాండుంగ్ కుర్రాళ్లిద్దరు ఆడారు.

"ఈసారి చప్పుడేం లేదండీ. ఒకడు ఇంకొకడి మీదెక్కాడు. ఆట మొత్తం నేల మీద కాలు పెట్టలేదు" అని చెప్పింది.

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"గడియారం చూశావా?"

"చూశా. భుజం మీంచి వీపు మీదికి, వీపు మీంచి పొట్ట మీదికి, కిందివాడు పడుకుంటే వాడి అరికాళ్ల మీదికి. అలాగే మోశాడు."

సుగిమాన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది నాట్యం కాదని ఒకసారి, బస్తాలు మోసే పని అని ఒకసారి అన్నాడు. దీపం ఆర్పాక, చాలాసేపటికి, "చివరికి దిగాడా?" అని అడిగాడు.

"లేదు. లైట్లు ఆరిపోయేటప్పుడు కూడా మీదే ఉన్నాడు."

"మరి ఆట అయిపోయిందని ఎలా తెలుస్తుంది?" అంటూ అటు తిరిగి పడుకున్నాడు. నిద్ర పోలేదని ఆమెకు తెలుసు.

నాలుగో శనివారం దాటినా జవాబు రాలేదని ఆయన రెండో ఉత్తరం రాశాడు. ఇందులో 'విచారకరం' అనే మాట నాలుగుసార్లు వచ్చింది. ఆ కవరు కూడా సంచిలోకి చేరాక రుమియాతికి అన్నం సహించలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని చెప్పిన మనిషి ఆమె. గువ్వ కూయక ఆయన దిగులుగా పంజరం ముందు కూర్చుని తనే కూసి చూపిస్తుంటే, చూడలేకపోయింది. మర్నాడు సాధన మొదలుకాక ముందే రెండు కవర్లూ నస్తితి చేతిలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని నిలబడింది.

నస్తితి ఉత్తరాలు పైకి చదివింది. 'సదరు పక్షి సదరు శనివారం నాటి నుంచి మౌనం వహించినదని విచారంతో తెలియజేయడమైనది' అన్న చోటికి వచ్చేసరికి ఆడవాళ్లంతా తలగుడ్డల కొసలు నోట్లో కుక్కుకున్నారు. నస్తితీ నవ్వింది. కానీ నవ్వు ఆగాక రెండో ఉత్తరం మళ్లీ చదివింది.

"ఆయన చెప్పింది నిజమే బూ" అంది మెల్లగా. "అటు పక్క రేకు గోడ ఒక్కటే. పసిపిల్లలు ఉండొచ్చు, జబ్బుపడ్డవాళ్లు ఉండొచ్చు. మేం అడగనైనా లేదు."

తర్వాతి రెండు రోజులూ నాట్యం లేదు. ఏడుగురు ఆడవాళ్లూ, సాయానికి వచ్చిన సందు ఆడపిల్లలూ గోనెసంచులు కుట్టి, వాటిలో బూరుగుదూది కూరారు. థియేటర్ వాళ్లు నిచ్చెనలెక్కి తూర్పు గోడంతా ఆ పరుపులు కొట్టారు. హార్తినా కింద నిలబడి, "తోయ్, తోయ్, ఊపిరి పీల్చు, ఇంకొక్కసారి తోయ్" అని మేకులు కొట్టేవాళ్లను పురుటింట్లోలా ఉత్సాహపరిచింది.

ఐదో శనివారం సందులోకి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాలేదు. సోమవారం పొద్దున, కొత్త ఈకలతో నిగనిగలాడుతూ, గువ్వ గొంతు విప్పింది. సుగిమాన్ పంచె సర్దుకోవడం కూడా మరిచి సందులోకి వచ్చేశాడు.

"రెండు ఉత్తరాలు! కేవలం రెండే ఉత్తరాలు!" అని కెలిక్ సైకిలు ఆపి మరీ చెప్పాడు. "అరవలేదు, కరవలేదు. మాట గట్టిగా, మర్యాదగా రాశాను. గోడకు పరుపులే కొట్టించారు. నేర్చుకో!"

"నేర్చుకుంటాను పా ఎర్తే" అన్నాడు కెలిక్, తెంపే బుట్టలోకి తల దూర్చి.

ఆ మధ్యాహ్నమే గిడ్డంగి కాపలా మనిషి జవాబు తెచ్చి నేరుగా సుగిమాన్ చేతిలో పెట్టాడు. ఇబ్బందికి క్షమాపణలు, సూచనకు కృతజ్ఞతలు, పైగా చివరి శనివారం నాట్యానికి శ్రీమాన్ ఎర్తే వారిని భార్యాసమేతంగా ముందు వరసలోకి ఆహ్వానం. ఆయన ఉత్తరం మూడుసార్లు చదివి, భార్యకు వినిపించి, పెట్టెలోంచి మంచి బాతిక్ చొక్కా తీశాడు.

"నువ్వు ఆ నీలం కెబాయా రవిక వేసుకో. ఇద్దరం కలిసి వెళ్దాం. ముందు వరస!"

రుమియాతి గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి. ఎందుకంటే చివరి శనివారం ఆడేది ఈ ఏడుగురే.

"ఏంటి తల్లీ ఇలా చేశావు?" అని నస్తితి మీదికి వెళ్లింది.

"మీరు చెప్పేసి ఉంటారనుకున్నా బూ! గోడ సంగతి తేలిపోయింది కదా. ఇప్పుడైనా చెప్పేయండి."

చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచింది. మంగళవారం ఆయన గువ్వకు గింజలు వలుస్తున్నాడు. బుధవారం పళ్లు నొప్పి. గురువారం ఎవరో కుళాయి తగాదా తెచ్చారు. శనివారం మధ్యాహ్నం ఆయన తనే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. జేబు మూల నలిగిందని మూడోసారి నీళ్లు చిలకరించాడు.

"నేను ముందు వెళ్తానండీ. అక్కడ ఆడవాళ్ల పని ఉంది, సాయానికి రమ్మన్నారు" అంది.

"సరే, నీ కుర్చీ నేను పట్టి ఉంచుతాలే" అన్నాడాయన.

ఏడున్నరకు ఆట. ఏడు గంటలకే గిడ్డంగి నిండింది. ఇన్ని వారాలూ కాలేజీ పిల్లలు వచ్చి కూర్చునే చోట ఈ రోజు సందు సందంతా దిగింది. ఇస్లాం బడి పంతులుగారు, సెరాబీ అట్లు వేసే అక్కాచెల్లెళ్లు, మొన్నటిదాకా తాళం వేసి ఉన్న నలభై ఒకటో ఇంటివాళ్లు కూడా. నల్ల తెర సందులోంచి రుమియాతి తొంగి చూసింది. ముందు వరస మధ్యలో సుగిమాన్, తలపై నల్లటోపీతో, స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డంత నిటారుగా కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీ మీద తన జేబురుమాలు పరిచి, దాని మీద చెయ్యి పెట్టాడు.

కెలిక్ వచ్చి, "పా ఎర్తే, ఇది ఖాళీయేనా?" అన్నాడు.

"కళ్లు కనబడటం లేదా? మా ఆవిడ వస్తుంది."

కెలిక్ ఏదో మింగినట్టు మొహం పెట్టి నేల మీద కూర్చున్నాడు. సెరాబీ అక్క అడిగింది. అదే జవాబు. చేతికర్రతో వచ్చిన ఒక ముసలాయన వినయంగా అడిగాడు.

"క్షమించాలి పాక్. ఇంకొకళ్లకైతే ఇచ్చేవాణ్ణే. మా ఆవిడ మధ్యాహ్నం నుంచి ఇక్కడ పనిచేస్తోంది. అలిసిపోయి వస్తుంది, కూర్చోవాలి" అన్నాడు సుగిమాన్.

తెర వెనక రుమియాతి కళ్లు చెమర్చాయి. "నేను వెళ్లి కూర్చుంటాను" అంది హార్తినాతో. "ఈ మనిషిని ఇంతమందిలో ఎలా చిన్నబుచ్చేది?"

హార్తినా ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. "తల బయటికొచ్చాక బిడ్డను వెనక్కి పంపడం నేనెప్పుడూ చూడలేదు. నడువు."

లైట్లు తగ్గాయి. ఏడుగురూ ఒకే పొడవాటి గోధుమరంగు బాతిక్ గుడ్డను తలల మీద కప్పుకుని, ఒకరి వెనక ఒకరు, నేల మీద అరికాలు పూర్తిగా ఆనించి నడుస్తూ వచ్చారు. గుడ్డ కింద నుంచి రుమియాతికి నేల తప్ప ఏమీ కనబడదు. నడక ఆగింది. గుడ్డ మెల్లగా జారింది. వెలుతురు ముఖాల మీద పడింది. కూర్చున్నవాళ్లలో సగం మంది ఊపిరి బిగబట్టి ముందు వరస వైపే చూస్తున్నారు.

సుగిమాన్ మాత్రం రంగం వైపు చూడటమే లేదు. మెడ తిప్పి, ఆలస్యమైన భార్య కోసం తలుపు వైపు చూస్తున్నాడు.

కింద నుంచి కెలిక్ ఆయన మోకాలు తట్టాడు. "పా ఎర్తే. ఇటు."

ఆయన ఇటు తిరిగాడు. చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి ఇంకా రుమాలు మీదే ఉంది.

గుడ్డను ఏడుగురూ మడిచారు, విప్పారు, ఊయల చేసి హార్తినాను అందులో పడుకోబెట్టి ఊపారు. ఆవిడ అలిగి ముఖం తిప్పుకుంటే ఆరుగురూ బతిమాలారు. ఈల వచ్చినావిడ ఈల వేసింది. ఆ తర్వాత అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు, ఈల కూడా ఆగింది. రుమియాతి పరుగందుకుంది.

మొదటి చుట్టు నేల చూస్తూ పరిగెత్తింది. వట్టి పాదాల చప్పుడు తప్ప గిడ్డంగిలో ఇంకేమీ లేదు. రెండో చుట్టులో ముందు వరస దాటుతూ కొనకంటితో చూసింది. ఆయన కదల్లేదు. కోపమో సిగ్గో తెలియలేదు. మూడో చుట్టులో ఒళ్లు తేలికైంది, ఎడమ భుజం దానంతటదే తెరుచుకుంది, చేతులు రెక్కల్లా వెనక్కి పోయాయి. నాలుగో చుట్టులో ఆమె ముందు వరస దగ్గరికి వస్తుండగా సుగిమాన్ రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, చేతికర్ర ముసలాయన్ని పిలిచాడు. ముప్పై నాలుగేళ్లు ప్లాట్‌ఫారం మీద అరిచిన గొంతు అది, గుసగుసలాడటం దానికి చేతకాదు.

"రండి పాక్, కూర్చోండి. మా ఆవిడ ఇక రాదు. ఆవిడకు పనుంది!"

గిడ్డంగి గొల్లుమంది. రంగం మీద కదలకుండా నిలబడాల్సిన ఆరుగురూ కదిలిపోయారు. పరిగెడుతూనే రుమియాతి నవ్వింది, తన నిండు నవ్వు. నస్తితి ఎక్కడా నేర్పని నవ్వు అది. ఐదు చుట్లకే ఆగాలి. ఆరు కొట్టింది, ఏడు కొట్టింది. ఆపేవాళ్లెవరూ లేకపోయారు.

చప్పట్లు, కౌగిలింతలు, పిల్లల కేకలు అన్నీ అయ్యాక బయటికొచ్చి చూస్తే ఆయన గేటు పక్కన నిలబడి ఉన్నాడు. ఎనభై తొంభై జతల చెప్పుల గుట్టలోంచి ఆమె చెప్పులు ఏరి పట్టుకున్నాడు. వంగి ఆమె ముందు పెట్టి, నడక మొదలుపెట్టాడు. ఇద్దరూ సగం సందు నడిచారు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"చెబితే మీరు 'దీనివల్ల ఏం ఉపయోగం?' అని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు."

ఆయన నాలుగడుగులు ఆలోచించాడు. "అడిగేవాణ్ణే" అని ఒప్పుకున్నాడు. "తప్పకుండా అడిగేవాణ్ణి." మరో నాలుగడుగులయ్యాక, "మరి ఇంకెవరికి తెలుసు?"

రుమియాతి కొప్పు సర్దుకుంది.

"కెలిక్‌కు తెలుసా?"

"తెలుసు."

"సెరాబీ వాళ్లకు?"

"తెలుసు."

"పంతులుగారికి?"

"ఆయన కూతురు మాతో గోనెసంచులు కుట్టింది."

సుగిమాన్ నడిసందులో ఆగిపోయాడు. భార్య నాట్యం చేసినందుకు కాదు, ఈ మాటకు. "నలభై రెండిళ్లలో... నేను ఒక్కణ్ణేనా?"

"నలభై ఒకటో ఇంటివాళ్లు అప్పుడు ఊళ్లో లేరు కదండీ. వాళ్లకు మొన్ననే తెలిసింది."

ఆ ఓదార్పుకు ఆయన మూతి రెండు క్షణాలు బిగుసుకుని, మూడో క్షణంలో వణికింది. నవ్వు పొట్టలోంచి మొదలై భుజాల దాకా వచ్చింది. గోడకు చెయ్యి ఆనించి నవ్వాడు. "బాగా పరిగెత్తావు" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఆ మూడో చుట్టులో... నేను లేవబోయాను. ఎందుకో తెలియదు. రైలు కదిలిపోతుంటే లేస్తాం చూడు, అలా."

ఇంటికెళ్లే దారి వదిలి, మూల మీద కొబ్బరిపాల అన్నం అమ్మే బండి దగ్గర ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. ఆమె రెండు ఆకుల అన్నం తింది, మూడోది ఆయన ఆకులోంచి తీసుకుంది.

ఆదివారమంతా రుమియాతి కాళ్లు కదల్లేదు. సోమవారం పొద్దున్నే గుమ్మం ముందు గోల వినిపిస్తే గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చింది. సందు ఆడవాళ్లు పదకొండు మంది వరసలో నిలబడి ఉన్నారు. నస్తితి మళ్లీ ఎప్పుడు మొదలుపెడుతుందో, చేరాలంటే ఎవర్ని అడగాలో తెలుసుకోవడానికి వచ్చారట. అప్పటికే సుగిమాన్ బల్లా కుర్చీ వేసుకుని, గీతల పుస్తకం తెరిచి, పేర్లు రాస్తున్నాడు.

"యాభై దాటినవాళ్లు మాత్రమే. గుర్తింపు కార్డు నకలు తేవాలి. తోసుకోకండి!"

వరసలో రెండో మనిషి సెరాబీ వేసే చిన్నచెల్లెలు. "యాభై రెండు" అంది ధైర్యంగా.

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "నీ కార్డు మీద సంతకం పెట్టింది నేనే కదమ్మా. నలభై ఆరు నీకు."

"అది పాత కార్డు పా ఎర్తే. అప్పట్లో చిన్నదాన్ని."

మిగతా పదిమందీ ఒక్కసారిగా ఆమెను సమర్థించారు. మోకాళ్ల నొప్పులు చూస్తే యాభై అయిదు పైనే అన్నారు, నెరిసిన జుట్టు చూపించారు. రుమియాతి గుమ్మంలో కూలబడి, నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. ఈ సందులో ఒక ఆడమనిషి తన వయసు పెంచి చెప్పుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం.

సుగిమాన్ కాసేపు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. తర్వాత పుస్తకంలో చక్కటి గుండ్రటి అక్షరాలతో 'యాభై రెండు' అని రాసుకున్నాడు.